ఉలిగమ్మ అడిగిన మాట

పత్తికొండ బస్టాండు పక్కన నాది జిరాక్సు అంగడి.
మిషన్ ఒకటి, పాత కంప్యూటర్ ఒకటి,
ఫోటో దిగేవాళ్లు తల దువ్వుకునేదానికి గోడకు అద్దం.
పదకొండేళ్లుగా ఈ చుట్టుపక్కల మొకాలన్నీ
నా గాజుపలక మీద బోర్లా పడుకుని లేచిపోయినాయి.

తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో
వజ్రాలు వెతికే జనం.
దొరికినోళ్ల లెక్క ఎవరికీ తెలీదు,
తెలియనియ్యరు.
రాయి మెరిస్తే వెంటనే వంగరు.
కాలికింద తొక్కిపెట్టి, ఉత్తుత్తినే దగ్గి,
చెప్పు సరిచేసుకున్నట్టు తీసి
కొంగున ముడేసి
"ఈ పొద్దు ఏమీ లేదు లే మేయ్" అంటా
సద్ది విప్పుతారు.
మొగునికైనా రెండో రాత్రికి గాని చెప్పరు.

ఉలిగమ్మ అట్లాంటి మనిషి.
ఆ ఉలిగమ్మే నా అంగట్లో
ఆధారు, పాసుబుక్కు, ఫోను,
ఫోనుకొచ్చిన ఆరంకెలు
బుడ్డలు ఆరబోసినట్టు బల్లమీద పరిచేది.
"నాకేం తెలుస్తాది, నువ్వే కొట్టు" అనేది.
నేనే కొట్టేదాన్ని.

మద్దిలేటి సంగతి వేరే.
టమోటా అమ్మిన ఇరవై మూడు వేలు
ఒక్క ఫోనుకు పోయినాయి.
బ్యాంకు నుంచి అన్నారంట.
"సార్ సార్ అని మూడుసార్లు పిలిచినాడమ్మా,
నన్ను పుట్టినకాడి నుంచీ ఎవరూ సార్ అనలేదు" అన్నాడు.
ఊర్లో అందరూ నవ్వినారు.
నాకు నవ్వు రాలేదు.

ఒకనాడు మధ్యాన్నం ఉలిగమ్మ
నూనె కారే కాగితం పట్టుకొచ్చె.
కాసీం బండికాడ ఉగ్గాని బజ్జి తిన్నాదంట,
బజ్జీల కింద తన మొకమే ఉన్నాదంట.
పన్నెండంకెలూ అట్లే ఉన్నాయి,
పచ్చిమిరపకాయ తొడిమ ఒకటి ఆమె నొసటి మీద అతుక్కుని.
చెడిపోయిన కాపీలు కాసీంకు తూకానికేసేది నేనే.

తిడతాదనుకున్నా.
కంప్యూటర్‌కల్లా చూసి నిదానంగా అడిగె:
"కాగితమైతే చింపి పొయ్యిలో ఏస్తా.
ఈ డబ్బాలో నేను ఇంకా ఉండానా?"

ఆ రాత్రి షట్టర్ సగం దించి చూసినా.
డౌన్‌లోడ్స్‌లో ఆరువేల చిల్లర మంది.
పోయినేడు చచ్చిపోయిన ఈరన్న
పింఛను కోసం ఇంకా బొటనవేలు చూపిస్తా ఉన్నాడు.
పదో తరగతి పిల్లలు రిబ్బన్లేసుకుని,
కాన్పు చీటీలు, పొలం కాగితాలు,
ఎవరిదో ఎయిడ్స్ పరీక్ష.
ఒక పిల్ల ఉంది.
పేరు రాయను. ఏ ఊరో రాయను.
తాగి కొట్టే మొగుణ్ణి ఇడిచి ఎటో పోయి
కొత్త అడ్రసుతో కార్డు దిద్దించుకున్నాది ఈడనే.
నెలకు వాడొచ్చి ఐదొందల నోటు బల్లమీద పెట్టి
"ఒక్కసారి చూసి చెప్పక్కా" అన్నాడు.
చెప్పలేదు.
కానీ ఆ పొద్దు టీ తాగేదానికి
అంగడి తెరిచిపెట్టే పోయినా గదా,
ఒక పావుగంట.
పాస్‌వర్డ్ ఏముందని? నా పేరే, ఒకటి రెండు మూడు.
ఆ పావుగంట నన్ను ఇప్పటికీ పీకుతాది.

మూడు గంటలదాకా తుడుస్తానే ఉన్నా.
"ఇది శాశ్వతంగా పోతుంది, సరేనా?"
అని అడుగుతాది మిషన్.
మనుషులు ఒక్కసారైనా అట్ల అడిగినారా ఎవరినైనా,
తీసి పెట్టుకునేటప్పుడు?

నిజం చెప్పాల్నంటే
నా డబ్బా ఒక్కటి ఖాళీ అయ్యింది, అంతే.
ఇంక ఎన్ని డబ్బాలుండాయో,
ఏ ఊర్లో ఎవరి బజ్జీల కింద ఉన్నామో.

పొద్దున ఉలిగమ్మ మళ్లీ వచ్చె.
ఫోనుకు అంకెలొచ్చినాయి, నా చేతికివ్వబోయె.
కీబోర్డు ఆమెకల్లా తిప్పినా.
"నువ్వే కొట్టుమ్మా, నాకు చూపీకు."
మట్టి తవ్వి తవ్వి అరిగిన వేలు,
వేలిముద్ర మిషన్ గుర్తుపట్టని వేలు,
ఒక్కో అంకెకు ఒక్కోసారి ఊపిరి బిగబట్టి
ఎడమచేత్తో కొంగు అడ్డం పట్టుకుని
ఆరూ కొట్టె.
నేను అద్దంకల్లా తిరిగి నిలబడినా.

బయట సన్నగా తుంపర.
అద్దంలో ఆమె కొంగు చివర
చిన్న ముడి కనపడె.
చిల్లరేమో, వక్కేమో, రాయేమో.
అడగలేదు.